మూడో వంతెన మీద ఎనిమిది సెకన్లు

తన ఫొటోలు తానే తీసుకునే మనిషికి తన మీద తనకు మోజు ఎక్కువని లోకంలో ఒక అభిప్రాయం ఉంది. టల్లక్ ఫ్లాట్‌లో ఆ అభిప్రాయం మరీ గట్టిది. టాస్మేనియా పడమటి కొండల మధ్య, తగరం గని మూతపడ్డాక తొంభైమంది మాత్రం మిగిలిపోయిన ఊరది. అక్కడ ఎవరైనా కాస్త తల ఎత్తితే పక్కవాళ్ళు నవ్వుతూనే దించేస్తారు. అలాంటి ఊళ్ళో యాభై ఏడేళ్ళ ఆడమనిషి ప్రతి ఆదివారం పొద్దున్నే, వానలో, పసుపు రెయిన్‌కోటు తొడుక్కుని, కెమెరా స్టాండు వీపుకు కట్టుకుని, సైకిలెక్కి అడవిలోకి పోయి తన ఫొటోలు తీసుకుని వస్తుంటే బేకరీలో మాటలు పుట్టకుండా ఎలా ఉంటాయి?

"రా మహారాణీ! ఇవాళ ఎన్ని తీసుకున్నావేంటి?" బేకరీ గ్లెనిస్ గల్లాపెట్టె వెనక నుంచి పలకరించేది.

"పద్నాలుగు."

"ఒక్కదాంట్లోనన్నా నీ మొహం కనబడిందా?"

"కనబడితే క్యాలెండర్ ఎవడు కొంటాడే?"

"నేను కొంటా," అని లోపల పిండి పిసుకుతున్న కెవ్ అరిచేవాడు. అతను గ్లెనిస్ మొగుడు. "గోదాంలో తగిలిస్తే ఎలకలు రావు."

లోర్నా ప్రూయిట్ ఆల్చిప్ప మాంసం కూరి కాల్చిన ఒక స్కాలప్ పై తీసుకుని, తడి టోపీ తీసి, అక్కడే నిలబడి తినేది. ఆ ఎగతాళిలో తనకొక చోటు ఉందని ఆమెకు తెలుసు. ఎగతాళి చేయడం మానేసిన రోజున మాత్రమే ఆ ఊళ్ళో మనిషి భయపడాలి.

నిజానికి ఆ పని ఆమె మోజుతో మొదలుపెట్టింది కాదు. గని రోజుల్లో ఖనిజం మోసిన చిన్న ట్రామ్ పట్టాలు పీకేసి, ఆ దారిని సైకిళ్ళకు అనువుగా చేసిన సంఘంవాళ్ళు పదకొండేళ్ళ కిందట క్యాలెండర్ వేద్దామనుకున్నారు. ఒట్టి చెట్లను ఎవరూ కొనరు, దారి మీద ఒక మనిషి ఉండాలన్నారు. వానలో సైకిలు తొక్కడానికి ఎవరూ ముందుకు రాలేదు. తొక్కేవాళ్ళ కోసం గంటసేపు వానలో కాచుకుని మీట నొక్కేవాళ్ళు అసలే దొరకలేదు. రెండు పనులూ తానే చేస్తే సరిపోతుంది కదా అని లోర్నా అంది. అలా అన్నందుకు పదకొండేళ్ళు చేయవలసి వచ్చింది.

పని చూడటానికి చిన్నది. కెమెరాను స్టాండు మీద నిలబెట్టి, స్టాండు గాలికి పడిపోకుండా రాళ్ళ సంచీ కట్టాలి. సైకిలు ఎక్కడికి రాగానే ఫొటో పడాలో అక్కడ దారి మీద ఒక ఫెర్న్ ఆకు పెట్టి, కెమెరా చూపును ఆ ఆకు మీద నిలపాలి. కెమెరా నెత్తిన రేడియో డబ్బీ ఒకటి ఉంటుంది. దాని జత అగ్గిపెట్టంత రిమోట్, సైకిలు ఎడమ పిడి పక్కన రబ్బరు బద్దతో కట్టి ఉంటుంది. రెండు వందల గజాలు వెనక్కి పోయి, తిరిగి తొక్కుతూ వచ్చి, ముందు చక్రం ఆకును తాకబోయే క్షణాన బొటనవేలితో నొక్కాలి. రిమోట్ మీద ఎర్రదీపం వెలుగుతుంది, దూరాన కెమెరా పని చేస్తుంది. కెమెరా పెట్టడానికి రావడం, వెనక్కి పోవడం, మళ్ళీ రావడం: ఒక ఫొటో కోసం ఆ దారిని మూడుసార్లు తొక్కవలసిందే. మూడోసారి మాత్రమే చూస్తున్నవాళ్ళు ఉన్నట్టు తొక్కాలి, ఎవరూ లేరని తెలిసీ.

ఫొటోల్లో ఆమె వేలెడంత కనబడేది. మిర్టిల్ చెట్ల కింద, మంచులో, ఒక పసుపు చుక్క.

అయితే ఊరికి లోర్నాతో ఉన్న అసలు అవసరం ఫొటోలు కాదు, తాళం. అగ్నిమాపక షెడ్డులో ఊరి అంబులెన్సు ఉంటుంది. జీతం లేని ఆ పనికి శిక్షణ పొందిన డ్రైవర్లు ఊరంతటికీ ఇద్దరే. ఒకడు డెస్ హన్రాటీ, అరవై ఆరేళ్ళ పాత గని ఫిట్టరు. రెండోది లోర్నా. పోస్టాఫీసు కిటికీ దగ్గర వారానికి మూడురోజుల ఉద్యోగం పోను, పంతొమ్మిదేళ్ళుగా ఆమె నడుముకు, పిలుపు వస్తే మోగే పేజర్ వేలాడుతూనే ఉంది. ఆసుపత్రి సముద్రం ఒడ్డున, గంటా ఇరవై నిమిషాల దూరంలో. దారి మొదటి సగమంతా ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. గుండె ఆగబోయిన కెవ్‌ను ఆ మలుపుల్లో రెండుసార్లు బతికుండగా దాటించింది ఆమే. గ్లెనిస్ ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు. పైలో స్కాలప్‌లు మాత్రం రెండు ఎక్కువ పెట్టేది.

ఏప్రిల్‌లో రిమోట్ మొరాయించడం మొదలుపెట్టింది. లోర్నా ఆకు దగ్గరికి వచ్చేది, నొక్కేది, దాటిపోయేది. తీరా చూస్తే కెమెరాలో ఫొటో ఉండేది కాదు. పదింట ఒకసారి, ఒక్కోవారం రెండుసార్లు. దూరం నుంచి మీట నొక్కేవాళ్ళందరికీ ఒకటే అలవాటు. ఫొటో పడకపోతే మొదట బ్యాటరీని అనుమానిస్తారు, తరవాత తడిని, ఆ తరవాత యాంటెన్నాను. ఆమె బ్యాటరీ మార్చింది. రిమోట్‌ను బియ్యం డబ్బాలో రెండు రాత్రులు పాతిపెట్టింది. చివరికి డెస్ షెడ్డుకు పట్టుకుపోయింది.

డెస్ దాన్ని విప్పి, బల్ల మీద పెట్టి, టీ తాగుతూ నొక్కుతూ కూర్చున్నాడు.

"వందసార్లు నొక్కా. వందసార్లూ వెలిగింది. నీ వేలికే బద్ధకం పట్టినట్టుంది, ముసలిదానా."

"వేలు శుభ్రంగా ఉంది. యాంటెన్నా చూడు."

"చూశానమ్మా. మార్చాను కూడా. ఇంకేం మార్చమంటావ్? నిన్నా?"

"నన్ను మార్చేందుకు నీ దగ్గర సామాను లేదులే."

కొత్త యాంటెన్నాతోనూ పడలేదు. కొత్త రిమోట్ తెప్పించింది, దానితోనూ పడలేదు. మే నెల చివర్లో ఒక ఆదివారం ఫెర్న్ పొదలో, సైకిలు పక్కన, మోకాలు గీరుకుపోయి లేచింది. నాచు మీద జారానని అనుకుంది. జారిన జ్ఞాపకం లేదన్న సంగతి అప్పుడు ఆమెకు తట్టలేదు. కారణం తయారుగా ఉన్నప్పుడు జ్ఞాపకాన్ని పిలిచి సాక్ష్యం అడిగేవాళ్ళు ఎవరు?

జూన్ మొదటి ఆదివారం ఆమె ఒక ఉపాయం పన్నింది. లోపం రిమోట్‌లో ఉందా, కెమెరా మీది డబ్బీలో ఉందా అన్నది తేలాలి. కెమెరాను రేడియోతో పని లేకుండా, సెకనుకొక ఫొటో తనంతట తానే తీసుకునేలా అమర్చింది. తాను మాత్రం మామూలుగానే వచ్చి మీట నొక్కుతుంది. నొక్కినప్పుడు ఎర్రదీపం వెలిగిందో లేదో ఫొటోల్లో కనబడుతుంది. వెలిగితే రిమోట్ మంచిది, తప్పు డబ్బీది. చోటు మూడో వంతెన. ఇరవై గజాల పొడవు, పాత దుంగల మీద కొత్త పలకలు, ఇరుపక్కలా కటకటాలు లేవు. కింద టీ రంగులో ఏరు.

తొమ్మిదిసార్లు తొక్కింది. తొమ్మిదిసార్లూ సరైన చోట నొక్కానని ఆమెకు బాగా గుర్తు.

ఇంటికి వచ్చి, కెటిల్ పెట్టి, వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి ఫొటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూసింది. మొదటి అయిదుసార్లూ దీపం ఎర్రగా, ఆకు దగ్గరే వెలిగింది. ఆరోసారి వెలగలేదు. దొరికావురా దొంగా, అనుకుంది. వేలిని చూద్దామని ఇంకాస్త పెద్దది చేసింది.

వేలు మీట మీద లేదు. నాలుగు వేళ్ళూ పిడి మీద ఉన్నాయి, బొటనవేలు విడిగా వేలాడుతోంది. ఆమె ఫొటోను పైకి జరిపింది. పదకొండేళ్ళలో మొదటిసారి తన మొహం తెర నిండా చూసింది.

కళ్ళు తెరిచే ఉన్నాయి. పెదవులు దేన్నో నెమ్మదిగా నములుతున్నట్టు కాస్త వంకరగా ఉన్నాయి. ఆ కళ్ళు దారిని చూడటం లేదు, ఆకునూ చూడటం లేదు. తరవాతి ఫొటోలోనూ అంతే. దాని తరవాతా అంతే. కాళ్ళు తొక్కుతూనే ఉన్నాయి. సైకిలు ఆకు మీదుగా పోయింది. అయిదో ఫొటోలో ఎడమకు ఒరిగింది. ఏడో ఫొటోలో ముందు చక్రానికీ వంతెన అంచుకూ మధ్య నాలుగు వేళ్ళ వెడల్పు ఉంది. అలాంటివి ఎనిమిది. తొమ్మిదో దానిలో కళ్ళలోకి చూపు తిరిగి వచ్చింది, వేలు మీట మీదికి వచ్చింది, దీపం ఎర్రగా వెలిగింది. అప్పటికి ఆకు పది గజాలు వెనకపడి ఉంది.

కెటిల్ ఈలవేసి ఈలవేసి దానంతటదే ఆగిపోయింది.

మనిషి తన తప్పులకు తానే సాక్షి అని మనం నమ్ముతాం. ఆ నమ్మకం మీదే చట్టాలూ ప్రార్థనలూ నిలబడి ఉన్నాయి. కానీ లేకుండా పోయినవాడు తాను లేనని ఎలా చెప్పగలడు? లోర్నా కళ్ళు మూసుకుని ఆ ఆరోసారిని మళ్ళీ తలుచుకుంది. వంతెన, ఆకు, నొక్కడం. జ్ఞాపకం చెక్కుచెదరకుండా ఉంది. ఎనిమిది సెకన్లు తీసేసి రెండు కొసలనూ ఎవరో అతికారు, అతుకు ఎక్కడా కనబడటం లేదు.

ఆమె కాగితం తీసుకుని ఒక లెక్క వేసింది. అంబులెన్సు గంటకు ఎనభై కిలోమీటర్లు పోతుంటే ఎనిమిది సెకన్లలో ఎంత పోతుంది? నూట డెబ్బై ఎనిమిది మీటర్లు. లోయ పక్క మలుపుల్లో అంత పొడవైన తిన్నని దారి ఒక్కచోట కూడా లేదు.

మరునాడు ఆమెకు సెలవు. సోమవారం పొద్దున వంతెన దగ్గరికి మళ్ళీ పోయి ఏడుసార్లు తొక్కింది. ఏడింటిలోనూ వేలు మీట మీదే ఉంది, కళ్ళు ఆకు మీదే ఉన్నాయి. ఒక్క సెకను కూడా పోలేదు. ఎనిమిది చెడ్డ ఫొటోల కన్నా ఈ ఏడు మంచి ప్రయాణాలే ఆమెను ఎక్కువ భయపెట్టాయి. తప్పించుకోవాలనుకునే మనిషికి ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు.

మధ్యాహ్నం డెస్ ఇంటికి పోయింది. అతనికి గురువారం హోబర్ట్ నగరంలో కంటి శుక్లం తీశారు. కుడికంటికి ప్లాస్టిక్ మూత, రెండు వారాలు బండి నడపకూడదు. ఊరంతటికీ డ్రైవరు ఇప్పుడు ఆమె ఒక్కతే. శుక్రవారం అతన్ని తన కారులో ఇంటికి తీసుకువచ్చింది కూడా ఆమే.

డెస్ ల్యాప్‌టాప్‌ను తన మంచి కంటికి దగ్గరగా జరుపుకుని చూశాడు. మొదట నవ్వాడు.

"ఏంటే ఇది, ఆవు నెమరేస్తున్నట్టు..." మాట మధ్యలోనే ఆపేశాడు. ఎనిమిదీ చూశాడు. మళ్ళీ మొదటికి వెళ్ళి ఎనిమిదీ చూశాడు.

"ఎప్పట్నుంచి?"

"ఏప్రిల్ అనుకుంటా. అంతకుముందు ఎవరు చూశారు?"

డెస్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "శుక్రవారం, డ్యామ్ దాటాక, టీకి ఆపుదామా అని అడిగా. నువ్వు పలకలేదు. మళ్ళీ అడిగా. అప్పుడు పలికావ్."

"ఒక్కసారే అడిగావు."

"రెండుసార్లు అడిగా, లోర్నా."

లోర్నా ల్యాప్‌టాప్ మూసేసింది.

"సరే," అన్నాడు డెస్. "పద్నాలుగు రోజులు. నా కన్ను బాగయ్యేదాకా ఎవరికీ చెప్పకు. ఆ తరవాత నువ్వు పక్కకు జరుగు, నేను చూసుకుంటా. ఇవాళ చెప్పావా, బండి షెడ్డులో పడుంటుంది. ఒడ్డు నుంచి వాళ్ళు వచ్చేసరికి గంటా ఇరవై. ఈలోపు ఎవరికన్నా ఏదన్నా అయితే?"

"నేను నడుపుతుండగా అయితే?"

"నేను పక్కనే కూర్చుంటా. నువ్వు నెమరెయ్యడం మొదలెట్టగానే స్టీరింగ్ లాక్కుంటా."

"ఒంటికన్నుతో?"

"నీకు రెండూ ఉండి ఏం లాభం?"

ఇద్దరికీ నవ్వు వచ్చింది. ఆ నవ్వులో ఆమె దాదాపు ఒప్పుకుంది. పద్నాలుగు రోజులంటే ఎంత? ఏడింటికి ఏడూ బాగానే వచ్చాయి కదా. అంబులెన్సు తాళం రెయిన్‌కోటు జేబులో ఉంది. కోటు పైనుంచి తన వేళ్ళు దాన్ని తడుముతున్నాయని కాసేపటి దాకా ఆమె గమనించలేదు.

రెండూ నలభైకి పేజర్ మోగింది.

బేకరీ. ఛాతీ నొప్పి. కెవ్.

అగ్నిమాపక షెడ్డు బేకరీకి వంద అడుగుల దూరం. లోర్నా ఆక్సిజన్ సిలిండరూ, గుండెకు షాకిచ్చే పెట్టే అంబులెన్సు వెనక నుంచి దించుకుని పరిగెత్తింది. డెస్ ఆమె వెనకే వచ్చాడు. కెవ్ పిండి బస్తాలకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. మొహం బస్తా రంగులో ఉంది.

"వచ్చావా," అన్నాడు. "క్యాలెండర్... తెచ్చావా?"

"నోరు మూసుకుని ఊపిరి తీసుకో." ఆమె అతనికి మాస్కు తగిలించింది, ఆస్పిరిన్ నమిలించింది, ఛాతీకి తీగలు అంటించింది. పంతొమ్మిదేళ్ళ చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. కంట్రోల్ గదిలో అమ్మాయి గొంతు నిదానంగా ఉంది.

"ఒడ్డు నుంచి బండి బయలుదేరింది. మబ్బు కిందికి ఉంది, హెలికాప్టర్ రాదు. మీరు సగం దారిలో, డ్యామ్ దగ్గర ఎదురు కలవగలరా? అరగంట కలిసొస్తుంది."

అది వాళ్ళు ఎప్పుడూ చేసే పద్ధతే. గ్లెనిస్ అప్పటికే కెవ్ కోటు తెచ్చి నిలబడింది.

లోర్నా కెవ్ మొహంలోకి చూసింది. ఆ మాట ఇప్పుడు అంటే మళ్ళీ వెనక్కి తీసుకోవడానికి ఉండదని ఆమెకు తెలుసు. ఆ లైన్ మీద ప్రతి మాటా రికార్డవుతుంది.

"కలవలేము. డ్రైవరు లేరు."

"డ్యూటీ రోస్టరులో మీ పేరే ఉంది కదండీ?"

"నేనున్నాను. నేను నడపకూడదు. నాకు స్పృహ పోతోంది, నాకే తెలియకుండా. నిన్న తెలిసింది. రాసుకోండి."

గ్లెనిస్ చేతిలోని కోటు కింద పడింది.

"ఏంటే నువ్వంటున్నది? తాళం నీ జేబులోనే ఉందిగా! బండి అక్కడే ఉందిగా!"

"ఉంది."

"లే మరి! లేవవే!"

"లేవను, గ్లెనిస్."

"నేను నడుపుతా. ఇటివ్వు తాళం," అని డెస్ చేయి చాచాడు.

"నీకు కుడిపక్క కనబడదు. లోయ కుడిపక్కే. కూర్చో."

పనిచేయగల మగవాళ్ళూ ఆడవాళ్ళూ అవతలి ఊరి గనిలో షిఫ్టు మీద ఉన్నారు. గ్లెనిస్ ఎప్పుడూ డ్రైవింగ్ నేర్చుకోలేదు. రొట్టెల వ్యాను నడిపేది కెవ్ ఒక్కడే. నడిపేవాళ్ళు దొరికినా అందులో తీసుకుపోవద్దని ఫోన్‌లో అమ్మాయి గట్టిగా చెప్పింది: ఆక్సిజన్ తీయొద్దు, షాకుపెట్టె దగ్గర నుంచి కదలొద్దు, కాచుకోండి.

కాచుకున్నారు. గంటా పదిహేడు నిమిషాలు. గ్లెనిస్ కొంతసేపు తిట్టింది, లోర్నా ఇంతకుముందు ఎన్నడూ వినని మాటలతో. తరవాత బతిమాలింది. ఆ తరవాత మాట్లాడటం మానేసింది. అన్నిటికంటే అదే భరించరానిది. పొయ్యిలో ఉన్న రొట్టెలు మాడి వాసన వచ్చాయి, ఎవరూ లేవలేదు. నలభయ్యో నిమిషంలో కెవ్ గుండె ఆగింది. పెట్టె షాకిచ్చింది, లోర్నా రెండు చేతులతో ఛాతీ నొక్కింది, గుండె మళ్ళీ కొట్టుకుంది. నొక్కుతున్నంతసేపూ ఆమె పైకి లెక్కపెడుతూనే ఉంది. "అంకె ఆపానా, నా భుజం తట్టు, డెస్," అని ముందే చెప్పింది. డెస్ తన ఒంటికన్ను ఆమె మొహం మీది నుంచి తీయలేదు.

కెవ్ బతికాడు. ఇప్పుడు మెట్లు ఎక్కడానికి మూడుచోట్ల ఆగుతాడు. బేకరీలో పిండి పిసికేది వేరేవాళ్ళు. డ్యామ్ దగ్గర ఎదురు కలిసి ఉంటే అతని గుండె ఇంకాస్త మిగిలేదా, లేక ఆ బండి ముగ్గురితో సహా లోయలో పడి ఉండేదా అన్నది ఎవరూ చెప్పలేరు. ఊళ్ళో రెండు అభిప్రాయాలూ ఉన్నాయి. గ్లెనిస్‌కు ఒకటే ఉంది. లోర్నాకు స్కాలప్ పై అమ్ముతుంది, పలకరించదు. ఎన్ని ఫొటోలు తీసుకున్నావని అడగదు.

ఒడ్డు ఆసుపత్రిలో తలకు తీగలు అంటించి చూసిన డాక్టరు అది మూర్ఛలో ఒక రకమనీ, మనిషి కింద పడడనీ, అందుకే ఎవరికీ తెలియదనీ చెప్పాడు. ఎంతకాలంగా ఉందని అడిగితే, మిమ్మల్ని అంత దగ్గరగా చూసేవాళ్ళు ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని ఎదురు అడిగాడు. కెమెరా ఉందని లోర్నా చెప్పింది.

తరవాతి ఏడాది క్యాలెండరుకు జూన్ నెల ఫొటోగా ఆ ఎనిమిదింటిలో ఏడోదాన్నే ఇచ్చింది. దూరం నుంచి చూస్తే మంచి ఫొటో. మంచు, వంతెన, అంచు పక్కన ఒక పసుపు చుక్క. అది ఏ ఫొటోనో డెస్ ఒక్కడికే తెలుసు. అతను తన షెడ్డులో జూన్ రాకముందే ఆ పేజీ చించేశాడు.

సోమవారం నాడు లోర్నా ప్రూయిట్ ఎంచుకున్నది ఇది: తాళం జేబులోంచి తీయలేదు, మరొకరికి ఇవ్వలేదు, కారణాన్ని చెరపడానికి వీల్లేని చోట తన నోటితో చెప్పింది, కెవ్ పక్కన నేల మీద కూర్చుంది. బుధవారం తాళాన్నీ పేజర్‌నూ కవరులో పెట్టి డెస్ చేత అంబులెన్సువాళ్ళకు పంపింది, లైసెన్సు తానే పోయి అప్పగించింది. మాత్రలు పనిచేశాయో లేదో ఏడాది దాకా తెలియదన్నారు. సైకిలు డెస్ షెడ్డులో ఉంది. ఆదివారాలు మూడో వంతెన దాకా నడిచిపోయి, కెమెరాను సెకనుకొక ఫొటో తీసేలా పెట్టి, పలకల మధ్యగా అవతలికి నడిచి, ఇంటికి వచ్చి ఒక్కొక్క ఫొటోలో తన కళ్ళు చూసుకుంటుంది.